చెరకు, టమాటా: రెండు పైర్లు తెలుగు నుడిలో చేరిన తీరు

ఉగాదినాటి పచ్చడిలో కొత్త బెల్లం, కొత్త చింతపండు, మామిడి పిందె, వేపపువ్వు, ఉప్పు, కారం కలుస్తాయి. సంవత్సరంలో మిగిలిన 364 రోజులూ తెలుగువారి వంటింట్లో దాదాపు ప్రతిపూటా కనిపించే టమాటాకు ఆ ఒక్కనాటి పచ్చడిలో చోటు లేదు. ఇది పరదేశపు కాయ కాబట్టి చేరలేదనుకుందామంటే, మిరప కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినదే. మిరియం ఉండవలసిన చోట అది చాలా ఇళ్లలో ఎప్పుడో కుదురుకుంది. ఆబ్దికాల వంటలోనూ, కొన్ని దేవాలయాల మడపళ్లలోనూ టమాటాను నేటికీ ముట్టరు. రోజూ తినే కాయ ఇంకా పరాయిగానే ఉండిపోవడం ఎందుకు? ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

దీనికి సమాధానం ఆచారాలలో కంటే భాషలో ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం. అందుకోసం టమాటాను చెరకు పక్కన పెట్టి చూడడం జరిగింది. ఒకటి గడ్డిజాతి, మరొకటి వంగజాతి. ఒకటి తీపికి, మరొకటి పులుపుకు. ఒకటి వేదవాఙ్మయం నాటికే ఈ దేశంలో ఉన్నది, మరొకటి కొద్ది తరాల కిందట వచ్చినది. పోలిక అసంగతంగా తోచవచ్చు. అయితే ఈ అసమానతే ఇక్కడ ఉపయోగం. ఒక పైరు ఒక భాషలో వేరుపట్టడానికి ఆ జనం దానిని తినడం ఒక్కటే చాలదనీ, దానిమీద వారు ఎన్ని అంచెల్లో పనిచేశారో అన్ని అంచెల్లో మాటలు పుడతాయనీ, పని చేయి జారితే మాటా జారుతుందనీ ఈ రెండు పైర్ల చరిత్ర చూపుతుంది.

పెరుగుదల, పేర్లు

చెరకును విత్తనంతో సాగుచేయరు. గడను రెండు మూడు కళ్లుండేటట్లు ముక్కలుగా నరికి నాటుతారు. ఆ ముక్క ముచ్చె. ముచ్చెలోని కంటి నుంచి మొలక, మొలక మొదట్లో పిలకలు, పిలకలన్నీ కలిసి దుబ్బు. గడ సాగేకొద్దీ కణుపులు తేలతాయి. ఎండిన ఆకును ఊడదీయడం రెల్చడం. ఏపుగా ఎదిగిన గడలు గాలికి ఒరిగిపోకుండా పక్కపక్క దుబ్బుల ఆకులను మెలిపెట్టి కట్టడం జడచుట్టు వేయడం. ఆడపిల్ల జడను తలపించే ఈ మాట తోటలో నిలబడి చూసినవాడు పెట్టినదే తప్ప కార్యాలయంలో పుట్టినది కాదు. తొలి ఏటిది మొక్కతోట. నరికిన మోళ్ల నుంచి మరుసటి ఏడు లేచేది కార్శి. రోగాలకూ ఇటువంటి పేర్లే. లేత మొవ్వును తొలిచేది పీకపురుగు, మొవ్వు స్థానంలో నల్లని కొరడాలాంటిది పుట్టి మసి రాల్చేది కాటుక తెగులు, గడ లోపల ఎర్రబడి పులిసిపోయేది ఎర్రకుళ్లు. పది, పన్నెండు నెలలపాటు పొలంలో నిలిచే పైరు ఇది. ఆ కాలమంతా రైతు చేసే ప్రతి పనికీ, చూసే ప్రతి మార్పుకూ ఒక తెలుగుమాట ఉంది.

టమాటా సంగతి వేరు. విత్తనం చల్లి నారు పోసి, సుమారు నెల నాటి నారును పీకి నాటితే, రెండు నెలలు దాటేసరికి కాయ కోతకు వస్తుంది. నాలుగైదు నెలల్లో తోట ముగిసిపోతుంది. నారు, పూత, పిందె, దోర, కాపు, కోత, ఆకుముడత, వడలు తెగులు అనే మాటలన్నీ దీనికి వాడతాము. వీటిలో ఒక్కటి కూడా టమాటా కోసం పుట్టినది కాదు. వంగకూ మిరపకూ ఉన్న మాటలను ఇది అరువు తెచ్చుకుంది. కొత్తగా వచ్చిన పనులకు మాత్రం కొత్త తెలుగుమాటలు రాలేదు. ఊతకర్రలు పాతి తీగెలాగి మొక్కను నిలబెట్టే పద్ధతిని మదనపల్లె ప్రాంతపు రైతులు చాలామంది ‘స్టేకింగ్’ అనే అంటున్నారు. జడచుట్టు వేసిన జాతికి ఆ పనికి పేరు పెట్టడం చేతకాక కాదు. ఆ పద్ధతి విత్తనాల కంపెనీ మనిషితోపాటు పేరుతో సహా పొలంలో దిగింది.

రెండింటి తీపిలోనూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. టమాటా తన పండులో గ్లూకోజు, ఫ్రక్టోజు అనే చక్కెరలను కొద్దిపాటి ఆమ్లాలతో కలిపి ఉంచుతుంది. అది తినేవాడికి పెట్టే ఎర. వాడు గింజలను వేరొకచోట వదలాలని మొక్క ఆశ. చెరకు తన గడలో దాచే సుక్రోజు ఎవరికీ పెట్టేది కాదు, తన రేపటి పూతకు దాచుకున్నది. అందువల్లే టమాటా రైతు పూత కోసం ఎదురుచూస్తాడు, చెరకు రైతు పూతకు భయపడతాడు. వెన్ను తీసిన చెరకు బెండుబారుతుంది. ఒకడు మొక్క ఇచ్చినదాన్ని కోసుకుంటాడు, మరొకడు మొక్క దాచుకున్నదాన్ని గానుగలో పెట్టి పిండుకుంటాడు. పిండడానికి పనిముట్టు కావాలి, నేర్పు కావాలి, నలుగురు మనుషులు కావాలి. అక్కడే మాటలు పుడతాయి.

గానుగ దగ్గర పుట్టిన నుడికారం

నరికిన చెరకు నిలవ ఉండదు. ఒకటి రెండు రోజులు దాటితే గడలోని చక్కెర తగ్గిపోతుంది. కాబట్టి బెల్లపు వంట పొలం గట్టునే జరిగేది. గడను గానుగలో పెడితే రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు. రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి కాస్తారు. కాగేటప్పుడు పైకి తేలే మడ్డిని తీసివేయడానికి సున్నపు తేటనూ, బెండ మొక్కను నలిపి తీసిన జిగురునూ వాడతారు. ఆపై రసం చిక్కబడి పాకమవుతుంది. వేలికీ వేలికీ మధ్య సాగితే తీగపాకం, నీళ్లలో వేస్తే ఉండకడితే ఉండపాకం, అది దాటితే ముదురుపాకం. దించవలసిన క్షణాన్ని నిర్ణయించేవాడు ఆ పూట అందరికంటే పెద్ద. చివరకు అచ్చు, ముద్ద, లేదా అనకాపల్లి బజారులో నేటికీ కనిపించే దిమ్మ. పిప్పి ఎండి మళ్లీ పొయ్యిలోకే పోతుంది. వంటచెరకు అనే మాటలోని చెరకుకూ ఈ చెరకుకూ గల సంబంధం వేరే చర్చ. పిప్పితోనే పొయ్యి రగిలే ఈ వంటను చూసినవారికి మాత్రం ఆ మాట గుర్తురాక మానదు.

ఈ క్రమాన్ని మనసులో ఉంచుకొని కొన్ని తెలుగు నుడికారాలను పరిశీలిద్దాం. ఒకరిని పూర్తిగా దోచుకోవడం పీల్చి పిప్పిచేయడం. ఒక వ్యవహారం తేలే దశకు రావడం పాకాన పడడం. అన్ని మాటలనూ మౌనంగా భరించి కదలనివాడు బెల్లం కొట్టిన రాయి. సాఫీగా సాగే పనికి మధ్యలో తగిలే చిన్న ఆటంకం పానకంలో పుడక. మంచితనాన్ని అతిగా వాడుకోబోయేవాడికి చెప్పేది, చెరకు తీపని వేళ్లతో నమలరాదన్న సామెత. ఈ అయిదూ అయిదు వేర్వేరు ఘట్టాలకు చెందినవి. వేళ్లతో నమలడం తోటలోది. పిప్పి గానుగ దగ్గరది. పాకం పొయ్యి దగ్గరది. రాయి కొట్టు గుమ్మంలోదో వంటింటి మూలదో. పుడక శ్రీరామనవమి పందిట్లోది. చెరకు తోట నుంచి దేవుడి నైవేద్యం దాకా చేసిన ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ ఒక మాట వదిలి వెళ్లింది. మంగళగిరి నరసింహస్వామికి పానకాలస్వామి అన్న పేరే స్థిరపడడం ఈ ప్రయాణంలో చివరి మజిలీ అనవచ్చు.

పాకం అన్న మాట ఇంకా పైకి పోయింది. కావ్యశైలిని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించిన ఆలంకారికుల దృష్టిలో అది సంస్కృత పదమే, అక్కడి అర్థం పరిపక్వత. కాని తెలుగు పాఠకుడు ఆ మాటను విన్నప్పుడు అతని మనసులో పెనం కూడా మెదులుతుంది. మన్మథుడిని చెరకువిలుకాడు అన్నప్పుడు ఇక్షుచాపం అనే సంస్కృత సమాసం తెలుగులో కొత్త రూపం పొందినట్లే ఇదీను.

చెరకు అన్న మాట విషయంలో తెలుగు తన తోబుట్టువులతో విడిపోయింది. తమిళంలో కరుంబు, మలయాళంలో కరింబు, కన్నడంలో కబ్బు ఒకే ధాతువుకు చెందినవి. తెలుగు చెరకు వాటిలో కలవదు. బెల్లం దగ్గర మాత్రం మళ్లీ అంతా ఒకటి: తమిళంలో వెల్లం, కన్నడంలో బెల్ల. ఇక శుద్ధిచేసిన తీపికి మన మాటలు సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం క్షారవర్గంలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని అయిదింటిని వరసగా చెప్పింది. ఇవి వేర్వేరు సరుకులు కావు. ఒకే రసానికి ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే రూపాలు. శర్కర అంటే గులకరాయి, ఇసుకపలుకు. పలుకుగా గట్టిపడిన తీపికి ఆ పేరు పెట్టిన మనిషి పెనం పక్కన ఉన్నవాడే అయి ఉండాలి. ఆ మాట ప్రాకృతంలో సక్కర అయి, తెలుగులో చక్కెర అయింది. పారసీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, అక్కడి నుంచి ఐరోపా భాషలన్నిటిలోకీ పోయింది. ఖండం కంద్ అయి, క్యాండీ అయి తిరిగి మన పిల్లల చేతికి వచ్చింది. ఆంగ్లంలోని జాగరీ కూడా మలయాళపు చక్కర నుంచి పోర్చుగీసు వారి నోట నలిగి వెళ్లినదే. పని ఉన్నచోట నుంచి పని లేనిచోటికి మాటలు వలసపోతాయనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

ఆ మాట మళ్లీ తెలుగులోకి వచ్చిన తీరు విచిత్రం. కోస్తా జిల్లాల్లో పంచదార, రాయలసీమ, తెలంగాణలలో చక్కెర అనే మాటలు ఇంకా బలంగా ఉన్నాయి. వాటి పక్కనే షుగర్ కూడా ఉంది. అయితే ‘ఆయనకు షుగరు’ అంటే డబ్బాలో ఉన్నది కాదు, ఒంట్లో ఉన్నది. వస్తువుకు పాత పేరు, రోగానికి కొత్త పేరు. భాష తనంతట తాను చేసుకున్న ఈ పంపకం అర్థపరిణామాన్ని అధ్యయనం చేసేవారికి ఆసక్తికరం.

మిల్లు వచ్చిన తరువాత

19వ శతాబ్ది చివరినాటికి గోదావరి డెల్టా చెరకు తోటలను ఎర్రకుళ్లు తీవ్రంగా దెబ్బతీసింది. దాని ఫలితంగా 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో సామర్లకోటలో వ్యవసాయ క్షేత్రం వెలసింది; 1913లో అనకాపల్లిలో పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఈలోగా 1912లో కోయంబత్తూరులో స్థాపించిన చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్‌లు ఒక కొత్త మార్గం తొక్కారు. లావుపాటి, తీపి ఎక్కువగల చెరకును ఏటిగట్లమీద పెరిగే రెల్లుతో సంకరపరిచారు. 1918లో విడుదలైన కో 205 ఆ సంకరపు తొలి ఫలం. రెల్లుకు తీపి లేదు. కాని ఎండనూ, చలినీ, తెగులునూ ఓర్చుకునే మొండితనం ఉంది. తెలుగు పల్లెల్లో ఇంటిపై కప్పుకు తప్ప పెద్దగా పనికిరాదనుకున్న గడ్డి ఈవిధంగా ప్రపంచంలోని చెరకు రకాలలో అధికభాగానికి పూర్వీకురాలైంది. చెరకు, రెల్లు ఒకే ఇంటివని శాస్త్రజ్ఞులు చెప్పకముందే తోటలో ఎండుటాకు తీయడాన్ని ‘రెల్చడం’ అన్నవారికి తెలుసేమో అనిపిస్తుంది; అది నా ఊహే గాని నిరుక్తం కాదు.

1933లో ఏటికొప్పాకలో రైతులు సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారం పెట్టుకున్నారు. నిజాంసాగర్ నీళ్లు పారిన నేలలో 1937లో బోధన్ కర్మాగారం, 1941లో ఉయ్యూరు కర్మాగారం వచ్చాయి. రైతుకు ఇది మేలే చేసింది. కాని పెనం పొలం నుంచి ఫ్యాక్టరీలోకి పోయింది. అంతవరకు ముచ్చె నుంచి దిమ్మ దాకా ఒకే కుటుంబం చేతిలో ఉన్న పని రెండుగా తెగింది. తూకపు చీటీతో రైతు పని ముగుస్తుంది. ఆ తరువాతి పనికి మాటలు వేరే మనుషులవి: క్రషింగ్, రికవరీ, మొలాసిస్. రకాల పేర్లు కూడా అంకెలయ్యాయి. కో 419 అన్న రకాన్ని ఎందరో రైతులు ‘నాలుగువందల పంతొమ్మిది’ అనే పిలిచారు. అనకాపల్లి కేంద్రం 87ఎ298 అన్న రకానికి విశ్వామిత్ర అని పేరు పెట్టడం అంకెల మధ్య ఒక చిన్న ఊరట.

అయినా పాత మాట అంత తేలిగ్గా వదలలేదు. ఆవిరి, విద్యుత్తు యంత్రాలు నడిచే మిల్లులో పని మొదలైనప్పుడు తెలుగు పత్రికలు ‘గానుగ ప్రారంభం’ అనే రాశాయి, ఇప్పటికీ రాస్తున్నాయి. యంత్రం నుంచి వచ్చేది పిప్పే, అడుగున మిగిలేది మడ్డే. వేల టన్నుల పని కొయ్యగానుగ మాటను తొడుక్కోవడం చూస్తే, మాట పనిముట్టు కంటే ఎక్కువకాలం బతుకుతుందని తెలుస్తుంది. కాని ఎంతకాలం? బోధన్ కర్మాగారం 2015లో మూతపడింది. గానుగా లేక, మిల్లూ లేక ఆ మాటలు ఒక్కొక్కటే ఇంటి పెద్దల నోట మాత్రమే మిగులుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా పోగుచేసి ఉండకపోతే, ఈ పాటి చర్చకు కూడా ఆధారం మిగిలేది కాదు.

చెరకు తెలుగువారికి మాటలు ఇవ్వడమే కాదు, మనుషులను తీసుకుపోయింది కూడా. బ్రిటిషు వలసల్లో బానిసత్వం రద్దయిన తరువాత మారిషస్ చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. అలాగే 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో నౌకతో మొదలై నేటాల్ తోటలకు, 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా ఫిజీకి ఒప్పంద కూలీలు వెళ్లారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. తృతీయ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లో జరగడానికి మూలం ఆ దీవిలో ఒకనాటి చెరకు నరికిన చేతులే. పీల్చి పిప్పిచేయడం అన్న నుడికారాన్ని వారు అక్షరాలా అనుభవించారు.

రామములక

ఇక టమాటా. దక్షిణ అమెరికా పశ్చిమ తీరపు కొండల్లో పుట్టి, మెక్సికో ప్రాంతంలో సాగులోకి వచ్చిన ఈ కాయ 16వ శతాబ్దిలో స్పెయిను వారి వెంట ఐరోపా చేరింది. నాహువాతల్ భాషలో తోమాత్ల్ అన్నది పొరతొడుగు గల వేరొక ఆకుపచ్చ కాయకు పేరు. ఈ ఎర్రకాయను షీతోమాత్ల్ అనేవారు. స్పెయిను వారు ఉపసర్గను వదిలేసి రెండింటినీ ఒకటి చేశారు. అంటే నేడు ప్రపంచమంతా వాడుతున్న పేరు ఒక పొరపాటు నుంచి వచ్చినది. ఇటలీలో దీనికి బంగారు పండు అని పేరు పడింది. వృక్షశాస్త్రజ్ఞుల పరిభాషలో లైకోపెర్సికాన్, అనగా తోడేలు పీచుపండు.

భారతదేశానికి సముద్రమార్గాన ఐరోపావారి ద్వారా వచ్చిన ఈ కాయకు ఇక్కడివారు పేర్లు పెట్టిన తీరు గమనించదగినది. వంగభాషలో విలాయతీ బేగున్, అంటే సీమవంకాయ. తెలుగులోనూ సీమవంకాయ అన్న పేరు వాడుకలో ఉండేది. సీమచింత, సీమసున్నం, సీమపంది అన్నప్పుడు ఉన్న సీమే ఇది. తమిళం తన దగ్గర ముందునుంచీ ఉన్న తక్కాళి అన్న పేరును దీనికి బదిలీ చేసింది. తమిళనాడు సరిహద్దు గ్రామాల తెలుగువారి నోట కూడా ఆ మాట వినవచ్చు. వీటన్నిటిలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచేది రామములక, రామములగ అన్న రూపాలలో కనిపించే పేరు.

ములక అన్నది వంగజాతికి చెందిన ముళ్ల మొక్కకు తెలుగులో పాత పేరు. నేలములక అన్నది దాని బంధువే. రామ అన్న పూర్వపదం ఇటువంటి చోట పరదేశపు మొక్కను ఇంటిదిగా చేసుకునే ఉపాయం. సీతాఫలం, రామాఫలం రెండూ అమెరికా నుంచి వచ్చినవే. రామాయణంలోని దంపతుల పేర్లు పెట్టి వాటి పుట్టుకను మరిచిపోయాము. రామములక అంటే, ముళ్లు లేని, చేదు లేని, తినదగిన మేలైన ములక. ఈ పేరు పెట్టినవాడు కాయను ముక్కలుగా కోసి గింజల అమరిక చూశాడు, పూరేకులు చూశాడు, ఆకు నలిపి వాసన చూశాడు. చూసి, ఇది వంగ, ములకల కుటుంబానిదని నిర్ణయించాడు. 1753లో లిన్నేయస్ చేసినదీ ఇదే నిర్ణయం. ఆయన దీన్ని సొలానం ప్రజాతిలో చేర్చాడు. మరుసటి ఏడే ఫిలిప్ మిల్లర్ దాన్ని విడదీసి లైకోపెర్సికాన్ అని వేరు ప్రజాతి చేశాడు. రెండు శతాబ్దాలకు పైగా శాస్త్రగ్రంథాలు ఆ విభజననే పాటించాయి. 20వ శతాబ్ది చివర జన్యుసామగ్రి ఆధారాలు వచ్చాక మళ్లీ సొలానంలోకే తెచ్చారు. ఈ తిరకాసంతా జరుగుతున్నంతకాలం తెలుగు పల్లెలో రామములక రామములకగానే ఉంది. ఒక పేరులో ఇంత పరిశీలన ఇమిడి ఉన్నప్పుడు దాన్ని గ్రామ్యమని పక్కన పెట్టిన నిఘంటుదృష్టిని సమర్థించడం కష్టం.

మరి ఆ పేరు ఎందుకు ఓడిపోయింది? మిరపకాయ విషయంలో ఇలా జరగలేదు. మరిచ శబ్దపు నీడలో ఏర్పడిన మిరప అన్న పేరు నాలుగు శతాబ్దాలుగా చెక్కుచెదరలేదు. నా అవగాహనలో కారణం ఇది. మిరప రైతు నుంచి రైతుకు, పెరడు నుంచి పెరటికి చేతులు మారింది. విత్తనం తెలుగువాడి చేతి నుంచి తెలుగువాడి చేతికే పోయింది. ఎండబెట్టడం, తొడిమ తీయడం, దంచడం, జల్లించడం అన్నీ ఇంటనే. టమాటా మాత్రం దొరల తోటల నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి వచ్చింది. అది వాణిజ్యపు పంటగా విస్తరించినప్పుడు పూసా రూబీ, అర్క వికాస్ వంటి ప్రభుత్వ సంస్థల రకాలతోనూ, ఆ తరువాత కంపెనీల సంకర విత్తనాలతోనూ వచ్చింది. పొట్లంమీద ముద్రించిన పేరే పొలంలో పేరైంది. రామములక అన్న పేరు పెరటి కాయకు మిగిలింది. బజారు కాయ టమాటా అయింది. టమాట, టమాటో, టమోటా అని ఊరికో రూపం ఉన్నా అవన్నీ ఒకే అతిథి మాట.

వంటిల్లు, బజారు

టమాటా తెలుగులో అడుగు మోపిన చోటు వంటిల్లు. పులుపు అనే స్థానంలో చింతపండుకు తోడుగా, ఒక్కొక్కసారి బదులుగా చేరింది. టమాటా చారు, టమాటా పప్పు, టమాటా పచ్చడి అన్న సమాసాలలో రెండో పదం ఎప్పుడూ పాతదే. నిలవపచ్చడి కోసం ముక్కలను ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి, పిండిన రసంలో చింతపండు నానబెట్టి, మళ్లీ కలిపి నూరే పద్ధతి ఆవకాయ, మాగాయలనుంచి నేర్చినది. ఎండిన ముక్కలు ఒరుగులు. పచ్చడి పులుపు ఎక్కువైతే చిన్న బెల్లం ముక్క వేస్తారు. మన రెండు పైర్లు కలుసుకునే చోటు ఇదొక్కటే. ఊరడం, మగ్గడం, నూరడం అన్న క్రియలు టమాటాను కొంతవరకు ఇంటిదాన్ని చేశాయి. అయితే ఈ పని ఇల్లాలి రోలు దగ్గరే ఆగిపోయింది. గానుగలాగా ఊరిమొత్తాన్ని ఒకచోట కూర్చోబెట్టలేదు. అందుకే వంకాయకున్నట్లు టమాటాకు సామెత లేదు.

ఈ లోటు కేవలం భాషాశాస్త్రజ్ఞుల బెంగ కాదు. చెరకులాగానే టమాటా కూడా కోశాక నిలవదు. చెరకు రైతుకు ధర రానప్పుడు ఒకనాడు చేతిలో ఒక మార్గం ఉండేది: గానుగాడి బెల్లం వండి దిమ్మకట్టి ఉంచేవాడు. టమాటా రైతుకు పొలం గట్టున అటువంటి మార్గం ఏనాడూ లేదు. ఆసియాలోని పెద్ద టమాటా బజార్లలో ఒకటైన మదనపల్లెలో 2023 జూలైలో కిలో ధర 150 రూపాయలు దాటింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కర్నూలు జిల్లా రైతులు ధర లేక కాయను రోడ్డుపక్కన పారబోశారు. రెండు నెలల ఎడం. ఊరికొక పెనం వంటిది ఈ పైరుకు ఏర్పడి ఉంటే ఆ ఎడం ఇంత నిర్దయగా ఉండేది కాదు. ఆ పెనానికీ, అందులో ఉడికేదానికీ, తీసేసే తెట్టుకూ ఈపాటికి మంచి తెలుగు పేర్లు కూడా ఉండేవి. ఆ పని ఇప్పుడు జరుగుతున్నంతమేరకు కర్మాగారాల్లో జరుగుతున్నది; పేర్లు పల్ప్, ప్యూరీ, సాస్.

ఇటీవల ఈ కుటుంబంలో మరో సభ్యుడు చేరాడు. ద్రాక్షపండంత పరిమాణంలో, కోలగా, దళసరి తోలుతో, మామూలు టమాటా కంటే తియ్యగా ఉండే ఈ రకం తైవాన్ విత్తన పరిశోధనలో రూపుదిద్దుకొని 1990ల చివరలో అమెరికా బజారులో ప్రవేశించింది. అక్కడ దీనికి పెట్టిన పేరుకు అర్థం ద్రాక్ష టమాటా. వండకుండా నోట్లో వేసుకోవడానికే ఇది. తోలు తెగిన వెంటనే రసం నోరంతా నిండుతుంది. మన ఆలంకారికులు ద్రాక్షాపాకానికి చెప్పిన లక్షణం దీనికి సరిగ్గా సరిపోతుంది. కాని తెలుగు వంటకు కావలసినది దీని తీపి కాదు, టమాటా పులుపు. చారులో వేస్తే చారు చప్పబడుతుంది. హైదరాబాదు పెద్ద దుకాణాల్లో ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే ఈ పండుకు తెలుగు పేరు స్థిరపడలేదు. డబ్బామీది పేరే పలుకుతున్నారు.

టమాటా అడవి పూర్వజాతి కాయ కూడా ఇంత చిన్నదే, ఇంకా చిన్నది. మా అమ్మమ్మ పెరట్లో కుడితి తొట్టి పక్కన ఎవరూ నాటని తీగ ఒకటి ఏటా మొలిచేది. గోలీలంత పళ్లు, గుత్తులుగా కాసేవి. పులుపుకు పళ్లు జివ్వుమనేవి. బజారు టమాటా ధర ఎక్కువైన రోజుల్లో ఆమె వాటిని ఒడినిండా కోసుకువచ్చి చారు పెట్టేది. వాటిని టమాటాలని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. రామములక్కాయలు అనేది.